ఒకే మనిషి, రెండు ఇన్సూరెన్స్ నంబర్లు: ఆగిపోయిన ఒక నిరుద్యోగ భృతి కేసు

ఇది 2023 నాటి కేసు. మనిషి పేరు, ఊరు, కంపెనీ, కాంట్రాక్టరు, ఆఫీసు వివరాలు తీసేశాను. గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని తేదీలు, అంకెలు కొద్దిగా మార్చాను. కేసు నడిచిన తీరు మాత్రం ఉన్నదున్నట్టే రాస్తున్నాను. ఉత్తరాంధ్రలో పైడిభీమవరం నుంచి బొబ్బిలి గ్రోత్ సెంటర్ దాకా కాంట్రాక్టరు రోలు మీద పనిచేసే వాళ్లలో ఇలాంటి చిక్కు చాలామందికి ఉంది. ఉద్యోగం పోయేదాకా అది ఉన్నట్టు వాళ్లకే తెలియదు.

నేపథ్యం

నాయుడు అందాం. వయసు 34, ఏడో తరగతి వరకు చదివాడు. తెలుగు బాగా చదువుతాడు, ఇంగ్లీషు రాదు. 2019 జూన్ నుంచి హైవే పక్కనున్న ఒక రసాయన కర్మాగారంలో సెంట్రిఫ్యూజ్ దగ్గర హెల్పరు. మొదటి కాంట్రాక్టరు కింద 2022 మార్చి 31 వరకు చేశాడు. ఏప్రిల్ 1 నుంచి మ్యాన్‌పవర్ కాంట్రాక్టు ఇంకొకరికి వెళ్లింది. గేటు అదే, షిఫ్టు అదే, మిషను అదే. ఐడీ కార్డు మీద కాంట్రాక్టరు పేరు ఒక్కటే మారింది. ఏడాది తిరిగేసరికి 2023 మార్చి 31న ఆ రెండో కాంట్రాక్టు కూడా అయిపోయింది. కొత్తగా వచ్చినాయన తన మనుషుల్ని తెచ్చుకున్నాడు. నాయుడితో కలిపి పన్నెండు మందిని ఏప్రిల్ 1న గేటు దగ్గరే ఆపేశారు.

ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. భార్య పేరు మీద డ్వాక్రా వాయిదా నెలనెలా కట్టాలి. జీతం చివరి ఏడాది నెలకు 14,400, అంతకుముందు ఏడాది 13,200. ఇఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) వేతన పరిమితి 2017 జనవరి నుంచి నెలకు 21,000 కాబట్టి మొదటి రోజు నుంచీ ఇఎస్ఐ పరిధిలోనే ఉన్నాడు. జీతంలో 0.75 శాతం అతని వాటాగా కోతపడేది, యజమాని వాటా 3.25 శాతం. ఈ రెండూ కలిసిందే చందా.

ఇఎస్ఐలో ఉద్యోగం పోయినవాళ్లకు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని ఒక పథకం ఉంది. 2018 జూలై 1న మొదలైంది. మొదట్లో సగటు రోజు సంపాదనలో 25 శాతం ఇచ్చేవారు, అదీ ఉద్యోగం పోయిన 90 రోజుల తర్వాతే. 2020లో కోవిడ్ సమయంలో దాన్ని 50 శాతానికి పెంచారు, 30 రోజులు గడిస్తే క్లెయిమ్ పెట్టుకోవచ్చన్నారు, యజమాని ద్వారానే రావాలన్న షరతు తీసేశారు. జీవితంలో మొత్తం 90 రోజులకే ఇస్తారు. అర్హతకు మూడు లెక్కలు చూస్తారు: ఉద్యోగం పోయేముందు కనీసం రెండేళ్లు ఇన్సూర్డ్ ఉద్యోగంలో ఉండాలి, ఉద్యోగం పోవడానికి సరిగ్గా ముందున్న చందా కాలంలో కనీసం 78 రోజుల చందా ఉండాలి, దానికి ముందున్న మూడు చందా కాలాల్లో ఏదో ఒకదానిలో మరో 78 రోజులు ఉండాలి. చందా కాలం అంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. తనంతట తాను మానేసినవాళ్లకు, దుష్ప్రవర్తన మీద తీసేసినవాళ్లకు, రిటైరైనవాళ్లకు, లాకౌట్‌లో ఉన్నవాళ్లకు ఈ భృతి రాదు.

ఏ సమస్యతో వచ్చాడు

నాయుడు మే 22న సాయం కోసం మా దగ్గరికి వచ్చాడు. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో నలిగిన జీతం స్లిప్పులు, ఒక ఆధార్ జిరాక్సు, నెట్ సెంటర్ వాళ్లిచ్చిన ప్రింటు.

మే మొదటి వారంలో నెట్ సెంటర్లో ఆన్‌లైన్ క్లెయిమ్ పెట్టించుకున్నాడు, వంద రూపాయలు తీసుకున్నారు. వారం తర్వాత ఇఎస్ఐ బ్రాంచి ఆఫీసుకెళ్తే "నీకు రెండేళ్లు లేవు, ఏడాదే ఉంది. పైగా నువ్వు ఇంకా ఉద్యోగంలోనే ఉన్నట్టు చూపిస్తోంది" అన్నారు. కాంట్రాక్టరు ఆఫీసుకెళ్తే గుమస్తా "పై నెల్లో రా నాయుడూ, సూద్దాం" అన్నాడు. మొదటి కాంట్రాక్టరు ఫోనెత్తడు. "ఆళ్లు ఈళ్ల మీద, ఈళ్లు ఆళ్ల మీద తోసేస్తన్నారు సార్. నాలుగేళ్లు కోసేరు గదా నా జీతంలో, మరి ఏడాదే ఉందంటే ఎలగ?" అని అతను అడిగిన ప్రశ్నలోనే కేసంతా ఉంది.

రికార్డు చదవడం

ఇలాంటి కేసు వస్తే చాలామంది వెంటనే క్లెయిమ్ మళ్లీ పెట్టేస్తారు. లేదా ఫిర్యాదు పెడతారు. ఇక్కడ రెండూ చేయలేదు. ఆఫీసు చెప్పింది వాళ్ల కంప్యూటరులో ఉన్నదాని ప్రకారం నిజమే. రికార్డు తప్పుగా ఉన్నప్పుడు ఫిర్యాదు పెడితే "రికార్డు ప్రకారం అర్హత లేదు" అని ఒక వాక్యం రాసి మూసేస్తారు. ఆ మూసేసిన జవాబు తర్వాత మనకే అడ్డం వస్తుంది. అందుకే ముందుగా అతని ఇఎస్ఐ లాగిన్‌లో చందా చరిత్ర తీసి, నెలవారీగా కాగితం మీద రాసుకున్నాం.

అతని ఇన్సూరెన్స్ నంబరు కింద కనిపించింది ఇది. నమోదు తేదీ 2022 ఏప్రిల్ 4. 2022 ఏప్రిల్–సెప్టెంబరులో 146 రోజులు, అక్టోబరు–2023 మార్చిలో 149 రోజులు. అంతకుముందు ఏమీ లేదు. 2023 ఏప్రిల్‌కు మాత్రం ఒక వరుస ఉంది: పనిదినాలు సున్నా, కారణం కోడ్ 1.

రెండు తప్పులు ఇక్కడే దొరికాయి.

మొదటిది. కవరులో ఉన్న 2021 నాటి జీతం స్లిప్పు మీద వేరే పదంకెల ఇన్సూరెన్స్ నంబరు ఉంది. 2022 ఏప్రిల్‌లో రెండో కాంట్రాక్టరు పాత నంబరు అడగలేదు. కొత్త మనిషిగా నమోదు చేసేశాడు. ఒక్కసారి 40, 50 మందిని ఎక్కించేటప్పుడు పాత నంబరు వెతకడం కన్నా కొత్తది పుట్టించడం తేలిక, అందుకే అలా చేస్తారు. కొత్త నంబరు పుట్టకుండా వ్యవస్థ ఆపాల్సింది. కానీ పాత నంబరు కింద పేరు "అప్పల నాయుడు" అని రెండు ముక్కలుగా ఉంది, పుట్టిన తేదీ 1988 జనవరి 1 అని ఉంది, ఆధార్ జతపడలేదు. కొత్త నంబరులో పేరు ఆధార్‌లో ఉన్నట్టు కలిపి ఉంది, పుట్టిన తేదీ 1989 జూన్. కంప్యూటరుకు వీళ్లిద్దరూ వేరు మనుషులు. మన జిల్లాల్లో జనవరి 1, జూలై 1 పుట్టిన తేదీలు ఎన్ని ఉంటాయో పనిచేసిన ఎవరికైనా తెలుసు. చేరేరోజు సూపర్‌వైజరు అడిగితే వయసు చెబుతారు, అతను సంవత్సరం లెక్కగట్టి జనవరి 1 వేసేస్తాడు.

రెండోది. యజమాని నెలనెలా చందా వివరాలు నింపేటప్పుడు, ఎవరికైనా పనిదినాలు సున్నా అయితే ఒక కారణం కోడ్ ఇవ్వాలి. 1 అంటే సెలవులో ఉన్నాడు. 2 అంటే ఉద్యోగం వదిలాడు. 9 సమ్మె లేదా లాకౌట్, 10 రిట్రెంచ్‌మెంట్ (యజమానే పనిలోంచి తగ్గించడం), 11 పని లేదు. ఏప్రిల్ నెల వివరాలు మే 15లోగా వేయాలి. కాంట్రాక్టరు గుమస్తా నాయుడికి కోడ్ 1 కొట్టాడు. సెలవులో ఉన్నవాడు నిరుద్యోగి ఎలా అవుతాడు? బ్రాంచి ఆఫీసులో "ఇంకా ఉద్యోగంలోనే ఉన్నావు" అన్నది ఇందుకే.

మూడో తప్పు రికార్డులో లేదు, కవరులో ఉంది. ఏప్రిల్ 8న మార్చి జీతం ఇచ్చేటప్పుడు సూపర్‌వైజరు ఒక ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. నాయుడు దాన్ని సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకోవడం మన అదృష్టం. అందులో మూడో లైనులో "సొంత కారణాల వల్ల రాజీనామా చేస్తున్నాను" అని ఉంది. తనంతట మానేసినవాడికి ఈ పథకం వర్తించదు. ఈ కాగితం రేపు వెరిఫికేషన్‌లో బయటికొస్తే మిగతావన్నీ సరిచేసినా పని చెడుతుంది.

ఎంత డబ్బు గురించి ఈ పోరాటం

ఈ లెక్క వేయకుండా నిర్ణయాలు తీసుకోకూడదు. భృతిని ఇలా కడతారు: వెనకటి నాలుగు చందా కాలాల మొత్తం సంపాదనను 730తో భాగించి, వచ్చినదాంట్లో సగం రోజు భృతి.

రెండు నంబర్లూ కలిస్తే: 13,200 చొప్పున 12 నెలలకు 1,58,400, 14,400 చొప్పున 12 నెలలకు 1,72,800, మొత్తం 3,31,200. 730తో భాగిస్తే 453 రూపాయల 70 పైసలు. సగం 226 రూపాయల 85 పైసలు. 90 రోజులకు సుమారు 20,416.

కొత్త నంబరు ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే 1,72,800ను కూడా 730తోనే భాగించాలి, ఎందుకంటే భాగించే సంఖ్య మారదు. రోజు భృతి 118 రూపాయల 36 పైసలు, 90 రోజులకు సుమారు 10,652. అంటే రెండేళ్ల షరతును ఎవరైనా దయతలచి చూసీచూడనట్టు వదిలేసినా, నంబర్లు కలపకపోతే సగం డబ్బు పోతుంది. జీవితానికి ఒక్కసారే ఇచ్చేదాంట్లో సగం. "ఏదో ఒకటి రానీ" అని తొందరపడి కొత్త నంబరు మీదే వాదించకూడదని తేల్చుకున్నది ఇక్కడే.

ఏ పథకం, ఏ వరస

రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన అని ఇఎస్ఐలోనే మరో భృతి ఉంది. అది 2005 నుంచి ఉంది, గరిష్ఠంగా 24 నెలల దాకా వస్తుంది. చూడటానికి అదే లాభం. కానీ ఫ్యాక్టరీ మూతపడటం, రిట్రెంచ్‌మెంట్, లేదా పనితో సంబంధం లేని గాయం వల్ల 40 శాతానికి తగ్గని శాశ్వత వైకల్యం, వీటిలో ఏదో ఒకటి ఉండాలి. ఇక్కడ ఫ్యాక్టరీ నడుస్తోంది. రిట్రెంచ్‌మెంట్ అని కాంట్రాక్టరు రాసివ్వడు, ఎందుకంటే రాసిస్తే పారిశ్రామిక వివాదాల చట్టం 25ఎఫ్ కింద నెల నోటీసు, ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం మీద పడతాయి. అతను కోడ్ 10 బదులు కోడ్ 1 ఎందుకు కొట్టించాడో కూడా ఇందులోనే ఉంది. ఆ పేచీ తేలడానికి నెలలు పడుతుంది. ఇంట్లో బియ్యం ఇప్పుడు కావాలి. అందుకని అటల్ పథకం ముందు, రిట్రెంచ్‌మెంట్ పరిహారం విషయం లేబర్ ఆఫీసులో విడిగా.

పని వరస ఇలా పెట్టుకున్నాం. జూన్ 15లోగా కాంట్రాక్టరు మే నెల వివరాలు వేస్తాడు, ఆలోపు కోడ్ మారాలి. సమాంతరంగా నంబర్లు కలపడానికి దరఖాస్తు. రెండూ అయ్యాకే కొత్త క్లెయిమ్. మధ్యలో ఇల్లు గడవడానికి పిఎఫ్.

కాంట్రాక్టరుకు రాసిన ఉత్తరం

మాటలతో అడిగితే "పై నెల" అంటారు కాబట్టి తెలుగులో ఒక పేజీ ఉత్తరం రాశాం. ప్రతి మాటా తూచి పెట్టాల్సి వచ్చింది. "నన్ను తొలగించారు" అని రాస్తే కాంట్రాక్టరు భయపడి దేని మీదా సంతకం పెట్టడు. "కాంట్రాక్టు గడువు ముగిసింది" అని మనమే రాస్తే రేపు 25ఎఫ్ పరిహారం అడిగినప్పుడు ఆ మాటే అతనికి ఆయుధం, ఎందుకంటే గడువు తీరిన కాంట్రాక్టును పొడిగించకపోవడం రిట్రెంచ్‌మెంట్ కిందికి రాదని అదే చట్టంలో ఒక మినహాయింపు ఉంది. "మానేశాను" అంటే భృతి పోతుంది. చివరికి రాసింది ఇది:

"నేను 31-03-2023 వరకు మీ కింద పనిచేశాను. 01-04-2023 నుంచి నాకు పని కల్పించలేదు. నేను రాజీనామా చేయలేదు. 08-04-2023న మార్చి జీతం ఇచ్చేటప్పుడు ఇంగ్లీషులో ఉన్న కాగితం మీద నా సంతకం తీసుకున్నారు. అందులో ఏముందో నాకు చదివి వినిపించలేదు. నేను సెలవులో లేను. ఇఎస్ఐ వివరాల్లో నా ఆఖరి పనిదినం 31-03-2023గా నమోదు చేసి, ఆ మేరకు ఒక ధ్రువపత్రం ఇవ్వగలరు."

"పని కల్పించలేదు" అన్న మాట ఎవరి మీదా నింద వేయదు, ఏ హక్కునూ వదులుకోదు. ఆ ఉత్తరంలో అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది ఆ రెండు మాటలే.

రాజీనామా కాగితం విషయంలో ఉత్తరం ఏప్రిల్‌లోనే వెళ్లి ఉంటే ఇంకా బలంగా ఉండేది. ఏడు వారాల ఆలస్యాన్ని పూడ్చింది మిగతా పదకొండు మంది. వాళ్లలో తొమ్మిది మంది అదే రోజు, అదే రాతతో ఉన్న కాగితం మీద సంతకం పెట్టారు, ఇద్దరి దగ్గర ఫొటోలు కూడా ఉన్నాయి. ఒకే రోజు పది మంది సొంత కారణాలతో రాజీనామా చేయరు. వాళ్ల పేర్లతో ఉమ్మడి పత్రం ఒకటి ఉత్తరానికి జతచేశాం.

ఉత్తరం మే 25న రిజిస్టర్డ్ పోస్టులో, ఎకనాలెడ్జ్‌మెంట్ కార్డుతో, కాంట్రాక్టరుకు వెళ్లింది. నకలు బ్రాంచి ఆఫీసులో ఇచ్చి ఇన్‌వర్డ్ స్టాంపు వేయించుకున్నాం. ఇంకో నకలు ఫ్యాక్టరీ హెచ్ఆర్‌కు.

పనిచేయనిది, పనిచేసింది

కాంట్రాక్టరు నుంచి పది రోజులు ఉలుకూ పలుకూ లేదు. నాయుడు రెండుసార్లు వెళ్లి ఆఫీసు బయట కూర్చుని వచ్చాడు. అది వృథా అని ముందే తెలిసినా వద్దని చెప్పలేకపోయాం, ఎందుకంటే ఊరుకుంటే మనం అడగడం మానేశామనుకుంటారని అతని భయం.

కదిలించింది ఫ్యాక్టరీ హెచ్ఆర్. ఇఎస్ఐ చట్టం సెక్షన్ 40 ప్రకారం కాంట్రాక్టరు మనుషుల చందాకు కూడా మొదటి బాధ్యత ప్రధాన యజమానిదే, అంటే ఫ్యాక్టరీదే. కట్టాక కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకునే హక్కు సెక్షన్ 41లో ఉంది. అందుకే కాంట్రాక్టరు బిల్లు పాస్ కావాలంటే పిఎఫ్, ఇఎస్ఐ చలాన్లు జతచేయమంటారు. ఈ కాంట్రాక్టరు ఆఖరి బిల్లు, సెక్యూరిటీ డిపాజిట్టు ఇంకా కంపెనీ దగ్గరే ఉన్నాయి. జూన్ 6న హెచ్ఆర్‌కు ఇంకో చిన్న ఉత్తరం ఇచ్చాం: పన్నెండు మంది ఇఎస్ఐ రికార్డులో ఇంకా సెలవులో ఉన్నట్టు ఉంది, ఇది సరికాకుండా ఆఖరి బిల్లు పరిష్కరిస్తే తర్వాత వచ్చే చిక్కులకు సంస్థే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. గొడవ, బెదిరింపు ఏమీ లేవు. జూన్ 9న కాంట్రాక్టరు గుమస్తా తానే ఫోన్ చేశాడు.

అతను కోడ్ 10కి ఒప్పుకోలేదు, కోడ్ 2 వేస్తానన్నాడు. ఇక్కడ ఆలోచించాల్సి వచ్చింది. కోడ్ 2 అంటే ఉద్యోగం వదిలాడని, అది స్వచ్ఛందంగా మానేసినట్టు చదవొచ్చు. కానీ అందులో కారణం రాయడానికి చోటు లేదు, కారణాన్ని చెప్పేది దానితో ఉన్న కాగితం. కాబట్టి కోడ్ 2తో పాటు "01-04-2023 నుంచి పని కల్పించలేదు" అన్న మాటతో లెటర్‌హెడ్ మీద ధ్రువపత్రం ఇవ్వాలి, అదే సంగతి బ్రాంచి ఆఫీసుకు మెయిల్ చేయాలి అని అడిగాం. ఇచ్చాడు. కోడ్ 10 కోసం పట్టుబడితే న్యాయం మన పక్కనే ఉండేది, డబ్బు మాత్రం పండగలకు కూడా వచ్చేది కాదు. పోర్టల్లో ఉన్న కోడ్ 25ఎఫ్ కేసును తేల్చదు కాబట్టి ఆ హక్కు ఎక్కడికీ పోలేదు.

రెండు నంబర్లు కలపడం

ఇది ఎక్కువ కాలం తిన్నది. ఇద్దరూ ఒకే మనిషని రుజువు చేయాలి. ఆధార్ ఒక్కటే చాలదు, పాత నంబరుకు ఆధార్ జతలేదు గనక. మొదటి కాంట్రాక్టరు వివరాలు సరిచేసి పంపడు, ఫోనే ఎత్తడు.

దారి పిఎఫ్ పాస్‌బుక్‌లో దొరికింది. ఇఎస్ఐ నంబరు మారినా యుఎఎన్ (పిఎఫ్‌లో ఎన్ని ఉద్యోగాలు మారినా మనిషికి ఉండే ఒకే నంబరు) మారలేదు. ఒకే యుఎఎన్ కింద రెండు మెంబర్ ఐడీలు, ఇద్దరు కాంట్రాక్టర్ల పేర్లు, నెలనెలా వేతనాలు కనిపిస్తున్నాయి. ఆ యుఎఎన్‌కు ఆధార్ ధ్రువీకరణ అయి ఉంది. పాత ఇఎస్ఐ స్లిప్పు మీదున్న వేతనం, పిఎఫ్ పాస్‌బుక్‌లో అదే నెల వేతనం, బ్యాంకు స్టేట్‌మెంటులో అదే నెల జమ, మూడూ ఒకే వరుసలో చూపిస్తే ఇక అనుమానానికి చోటుండదు. 2021 మే, ఆగస్టు, 2022 జనవరి, ఈ మూడు నెలలకు అలా పట్టిక గీసి ఇచ్చాం. దాంతో పాటు రెండు నంబర్లు రాసిన దరఖాస్తు, ఆధార్, ఏడో తరగతి టీసీ నకలు, పాత పేరు–కొత్త పేరు ఒకరివేనని స్వయం ప్రకటన.

దరఖాస్తు మే 29న ఇన్‌వర్డ్ అయింది. మూడు వారాలు కదల్లేదు. జూన్ 19న కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్లో అర్జీ పెట్టాం. మొదట పెట్టకుండా ఇప్పుడెందుకు? ఇప్పుడు అడుగుతున్నది ఒక్కటే: ఫలానా తేదీన, ఫలానా ఇన్‌వర్డ్ నంబరుతో ఇచ్చిన దరఖాస్తు మీద నిర్ణయం కావాలి. దీన్ని "అర్హత లేదు" అని మూసేయడానికి వీల్లేదు. భృతి సంగతి అందులో ఒక్క మాట కూడా రాయలేదు. జూన్ 27కి నంబర్లు కలిశాయి. పాతదాన్ని ఉంచి కొత్తదాన్ని అందులో కలిపారు. చందా చరిత్రలో 2021 ఏప్రిల్–సెప్టెంబరుకు 131, అక్టోబరు–2022 మార్చికి 144 రోజులు కూడా వచ్చి చేరాయి.

ఇల్లు గడవడం

అప్పటి పిఎఫ్ నిబంధన ప్రకారం ఉద్యోగం పోయి నెల దాటితే నిల్వలో 75 శాతం, రెండు నెలలు దాటితే మిగతా 25 శాతం తీసుకోవచ్చు. నాయుడు మొత్తం తీసేద్దామన్నాడు. 75 శాతం దగ్గర ఆగమన్నాం. నాలుగేళ్ల సర్వీసుకు మొత్తం తీసేస్తే, ఐదేళ్లు నిండలేదు కాబట్టి 50,000 దాటిన మొత్తం మీద టీడీఎస్ (ముందే కోసే ఆదాయపన్ను) ప్రశ్న వస్తుంది, అది కోయకుండా ఫారం 15జి పెట్టాలి. అంతకన్నా ముఖ్యం, పెన్షన్ భాగాన్ని ఫారం 10సి మీద తీసేస్తే ఆ నాలుగేళ్లు పెన్షన్‌కు కావాల్సిన పదేళ్ల లెక్కలోంచి పోతాయి. మళ్లీ ఏదో ఒక ఫ్యాక్టరీలోనే చేరే మనిషి అతను. మొదటి కాంట్రాక్టరు నిష్క్రమణ తేదీ వేయలేదు, దాన్ని నాయుడే యుఎఎన్ పోర్టల్లో ఆధార్ ఓటీపీతో వేసుకున్నాడు. 2020 జనవరి నుంచి ఉద్యోగికే ఆ వీలుంది, ఆఖరి చందా పడి రెండు నెలలు దాటాలి. పిఎఫ్ డబ్బు జూన్ రెండో వారంలో వచ్చింది. డ్వాక్రా వాయిదాలు దానితోనే కట్టారు.

ఈ నిబంధనలు తర్వాత కదిలాయి. 2025 అక్టోబరులో పిఎఫ్ కేంద్ర ధర్మకర్తల మండలి 75 శాతం వెంటనే, పూర్తి పరిష్కారం 12 నెలల తర్వాత అని నిర్ణయించింది. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, పైన రాసిన సెక్షన్ నంబర్లన్నీ పాత చట్టాలవి. ఈరోజు కేసు పట్టుకునేవాళ్లు ఆ తేదీలు చూసుకుని నడవాలి.

క్లెయిమ్, మళ్లీ ఒక దెబ్బ

కొత్త క్లెయిమ్ జూలై 3న పెట్టాం. 90 రోజులు జూన్ 29తో నిండాయి. నెల నెలకు విడివిడిగా పెడితే ప్రతిసారీ వెరిఫికేషన్ జరుగుతుంది, పిఎఫ్ చేతిలో ఉంది కాబట్టి ఒకేసారి పెట్టడమే మేలనిపించింది. ఆధార్, బ్యాంకు పుస్తకం, కాంట్రాక్టరు ధ్రువపత్రం అన్నీ స్కాన్ చేసి ఆన్‌లైన్లోనే జతచేశాం. 2020 చివర్లో వచ్చిన మార్పు వల్ల అలా జతచేసినవాళ్లు కాగితం క్లెయిమ్ మళ్లీ ఇవ్వక్కర్లేదు, స్టాంపు పేపరు అఫిడవిట్ కూడా అక్కర్లేదు. నెట్ సెంటర్లలో ఇప్పటికీ అఫిడవిట్‌కు డబ్బులు తీసుకుంటున్నారు.

జూలై 20న మంజూరైంది. డబ్బు మాత్రం పడలేదు. వారం తర్వాత కనుక్కుంటే చెల్లింపు వెనక్కొచ్చింది. పాత ఇన్సూరెన్స్ నంబరును ఉంచారు కదా, దాని కింద 2019లో ఇచ్చిన బ్యాంకు వివరాలే ఉన్నాయి. అది ఆంధ్రా బ్యాంకు ఖాతా. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, పాత ఐఎఫ్‌ఎస్‌సి కోడ్‌లు 2021 ఏప్రిల్ నుంచి చెల్లవు. కొత్త నంబరు కింద సరైన కోడ్ ఉంది, కానీ కలిపేటప్పుడు అది పోయింది. ఇది ఊహించాల్సిన విషయం, మేము ఊహించలేదు. నంబర్లు కలిసిన రోజే పేరు, పుట్టిన తేదీ, మొబైల్, బ్యాంకు, నామినీ అన్నీ మళ్లీ ఒకసారి చదివి ఉంటే పందొమ్మిది రోజులు మిగిలేవి. కొత్త పాస్‌బుక్ మొదటి పేజీ నకలు ఇచ్చాం. ఆగస్టు 8న 20,416 రూపాయలు జమయ్యాయి. అప్పటికి నాయుడు ఇంకో ఫ్యాక్టరీలో చేరి నాలుగు వారాలైంది. క్లెయిమ్ చేసిన 90 రోజుల తర్వాత చేరాడు కాబట్టి దానికి అడ్డం రాలేదు.

ఈ కేసు నేర్పింది

ఉద్యోగం పోకముందే తమ ఇఎస్ఐ చందా చరిత్ర, పిఎఫ్ పాస్‌బుక్ పక్కపక్కన పెట్టి చూసుకోమని కార్మికులకు చెబుతున్నాం. పిఎఫ్‌లో నాలుగేళ్లు ఉండి ఇఎస్ఐలో ఏడాదే కనిపిస్తే ఇంకెక్కడో ఇంకో నంబరు ఉన్నట్టే. కాంట్రాక్టరు మారిన ప్రతి ఏప్రిల్ 1న పాత ఇన్సూరెన్స్ నంబరు కాగితం మీద రాసిచ్చి, రాసిచ్చినట్టు ఫొటో తీసుకోవాలి. పాత జీతం స్లిప్పులు పారేయకూడదు. నాయుడి కేసు ఒక్క 2021 స్లిప్పు మీద నిలబడింది.

పని ఆగిన నెల వివరాలు వేసే గడువు, అంటే మరుసటి నెల 15వ తేదీ మీద కన్నుండాలి. ఆరోజు లోపు యజమాని ఏ కోడ్ కొడతాడో అదే మన పరిస్థితి. కార్మికుడు ఏప్రిల్ 10కే వచ్చి ఉంటే కోడ్ 1 పడేదే కాదు.

జీతం ఇచ్చేటప్పుడు తెలియని భాషలో కాగితం పెడితే, సంతకం పక్కన తెలుగులో "మార్చి జీతం మాత్రమే అందింది" అని రాసి తేదీ వేయాలి. జీతం కోసం అక్కడ నిలబడ్డ మనిషి సంతకం పెట్టనని అనలేడు. ఆ ఒక్క వాక్యం రాయడానికి మాత్రం ఎవరూ అడ్డుపడరు, పడితే ఫొటో తీసుకోవాలి.

ఇంకో సంగతి, నాయుడి భార్యకు చెప్పేదాకా వాళ్లకు తెలియలేదు. ఉద్యోగం పోయినంత మాత్రాన ఇఎస్ఐ కార్డు చచ్చిపోదు. అక్టోబరు–మార్చి చందా ఆ తర్వాతి జూలై–డిసెంబరులో వైద్యం, మందుల వంటి లాభాలకు లెక్క. అతని తల్లికి బీపీ, షుగరు మందులు ఏప్రిల్ నుంచి బయట కొంటున్నారు. ఆమె పేరు కుటుంబ వివరాల్లో పాత నంబరు కింద ఉంది, కొత్తదాని కింద లేదు. నంబర్లు కలిశాక డిస్పెన్సరీలో మళ్లీ మందులు తెచ్చుకోవడం మొదలుపెట్టారు.

మిగతా పదకొండు మందిలో ఆరుగురికి రెండేసి నంబర్లు ఉన్నాయి, ఒకతనికి మూడు. నాయుడి పట్టికనే నమూనాగా పెట్టి వాళ్ల దరఖాస్తులు ఇచ్చాం. ఈసారి బ్యాంకు పాస్‌బుక్ కొత్త పేజీ నకలు మొదటి రోజే జతచేశాం. పన్నెండు మంది రిట్రెంచ్‌మెంట్ పరిహారం అర్జీ లేబర్ ఆఫీసులో విడిగా నడుస్తోంది. అందులో మొదటి జతపత్రం "01-04-2023 నుంచి పని కల్పించలేదు" అని కాంట్రాక్టరు లెటర్‌హెడ్ మీద ఉన్న ఆ కాగితమే.